మాక్‌బెత్ విందు సీనులో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

తెరవెనక, హన్మకొండ:

అందరికీ నమస్కారం. మేం కొంతమంది ఉద్యోగస్తులం కలిసి తెలుగులో షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకం వేస్తున్నాం. నేను నటించను. బట్టలు, బల్లలు, కత్తులు, ఎవరు ఎటు నుంచి రావాలి, అదంతా నా నెత్తిన ఉంది.

మూడో అంకంలో విందు ఉంది కదా, మాక్‌బెత్ చంపించిన బాంక్వో దయ్యమై వచ్చి రాజు కుర్చీలో కూర్చునేది. ఆ సీను మొదట్లోనే మాక్‌బెత్ వచ్చినవాళ్లతో మీ మీ హోదాలు మీకు తెలుసు, కూర్చోండి అంటాడు. వాళ్లకు తెలుసు సరే, నాకెట్లా తెలియాలి? రాస్ ఉన్నాడు, లెన్నాక్స్ ఉన్నాడు. చివరి అంకంలో ఆంగస్, మెంటీత్, కెయిత్‌నెస్ అని ఇంకా వస్తారు. అందరినీ థేన్ అనే అంటారు. నాటకం ఆఖరున, మాక్‌బెత్ చంపిన రాజు డంకన్ కొడుకు మాల్కం మాత్రం ఇవాళ్టి నుంచి మీరంతా ఎర్ల్‌లు అని ప్రకటిస్తాడు. అంటే థేన్ కంటే ఎర్ల్ పెద్దా? ఇంటర్నెట్‌లో చూస్తే అసలు మాక్‌బెత్ థేనే కాదు, మోర్మేర్ అని ఉంది. ఈ మూడింటిలో ఏది పైన, ఏది కింద?

ఇదంతా ఎందుకంటే, భుజాల మీద కప్పుకోవడానికి కొత్తవాడ నుంచి జంపఖానాలు తెప్పించాం. పెద్ద హోదా వాళ్లకు ఎరుపు, మిగతావాళ్లకు ఊదా అని అనుకున్నాం. ఎర్రవి తక్కువ పడ్డాయి. ఎవరికి ఇవ్వాలన్న దగ్గర రిహార్సల్‌లో రోజూ పంచాయితీ. పైగా లెన్నాక్స్ వేసే ఆయన ఆఫీసులో నాకు పై అధికారి, అదొక టెన్షన్.

పరకాల రోడ్:

అన్నా, మీ సారుకు ఎర్రది ఇచ్చెయ్, హిస్టరీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇంతకీ మాక్‌బెత్ అనేటోడు నిజంగా ఉన్నాడా? నేను ఉత్త కథ అనుకున్నా.

పాత దస్తావేజు:

ఉన్నాడు తమ్మీ. 1040లో స్కాట్లాండు రాజు డంకన్‌ను చంపి గద్దెనెక్కాడు. పడుకున్నవాణ్ని పొడిచి కాదు, ఎల్గిన్ దగ్గర జరిగిన పోరులో. డంకన్ నాటకంలో చూపించినట్టు తెల్ల గడ్డం ముసలాయన కూడా కాదు. ఆ తర్వాత మాక్‌బెత్ 17 ఏళ్లు రాజ్యం చేశాడు. 1050లో రోమ్ యాత్రకు పోయి అక్కడి బీదలకు డబ్బును విత్తనాల్లా చల్లాడని ఆ కాలపు సన్యాసి ఒకాయన రాసిపెట్టాడు. అంత దూరం పోయి తిరిగి వచ్చేదాకా గద్దె పదిలంగా ఉందంటే, ఇంట్లో అంత శత్రువులున్న మనిషి కాదన్నమాట. 1057లో లంఫనన్ దగ్గర మాల్కం మనుషుల చేతిలో చచ్చిపోయాడు.

ఇక తెరవెనక అడిగింది. నేను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసి రిటైరైనవాణ్ని. బిరుదు అనగానే అది ఏ భూమి మీద, ఎవరి సంతకంతో వచ్చింది అని వెతకడం అలవాటైపోయింది. స్కాట్లాండు మీద పిచ్చి కూడా అట్లనే పట్టింది, వాళ్ల పాత పట్టాలు చదువుతూ.

హోదాల లెక్క తేల్చే కాగితం ఒకటి ఉంది. బకన్ అనే సీమలో డీర్ అని ఒక మఠం. ఆ మఠం వాళ్ల బైబిలు పుస్తకం అంచుల్లో 12వ శతాబ్దంలో గేలిక్ భాషలో రాసుకున్న దానాల లెక్క ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు కేంబ్రిడ్జి యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. అందులో ఒకే ఊరి భూమి మీద రాజు వాటా ఇంత, మోర్మేర్ వాటా ఇంత, తోషెఖ్ వాటా ఇంత అని విడివిడిగా కనిపిస్తుంది. పైన రాజు, నడుమ మోర్మేర్, కింద తోషెఖ్. ఈ తోషెఖ్ అంటే ఒక వంశానికి పెద్ద. తర్వాతి ఇంగ్లీషు రాతల్లో థేన్ అన్నది చాలావరకు ఈ స్థాయి మనిషినే. రాజుగారి సొంత భూములు చూసుకోవడం, ధాన్యం, పశువుల రూపంలో రావలసినది వసూలు చేయడం, పిలిస్తే మనుషులను తీసుకుని పోవడం అతని పని.

మోర్మేర్ అట్లా కాదు. ఒక సీమంతటికీ పెద్ద, యుద్ధానికి ఆ సీమ సైన్యమంతా అతని వెనుక నడవాలి. ఫైఫ్, ఆంగస్, మార్, అథోల్, స్ట్రాథెర్న్, బకన్, మోరే ఇట్లాంటి సీమలు. 12వ శతాబ్దంలో రాజుల లాటిన్ పట్టాలు పెరిగినకొద్దీ ఈ మోర్మేర్‌లనే ఎర్ల్‌లుగా రాయడం మొదలైంది. కాబట్టి మోర్మేర్, ఎర్ల్ ఒకే మెట్టు. థేన్ దానికి ఒక మెట్టు కింద. మాక్‌బెత్ మోరే మోర్మేర్ కొడుకు, తనూ మోర్మేరే. అట్లాంటివాడు కాడర్ థేన్ పదవి దొరికిందని మురిసిపోయాడంటే, కలెక్టరుకు గిర్దావర్ ఉద్యోగం ఇచ్చినట్టే.

రాస్, లెన్నాక్స్, మెంటీత్, ఇవన్నీ సీమల పేర్లు. మనుషుల పేర్లు నాటకంలో లేవు. అందులో కూడా కాలం కలవదు. ఆంగస్‌కు 10వ శతాబ్దంలోనే మోర్మేర్ ఉన్నట్టు రికార్డు ఉంది. మెంటీత్, లెన్నాక్స్ ఎర్ల్‌లు 12వ శతాబ్దం రెండో సగం దాకా కనపడరు. కెయిత్‌నెస్ మాక్‌బెత్ రోజుల్లో ఓర్క్నీ దీవుల నార్స్ ఎర్ల్ థోర్ఫిన్ చేతిలో ఉంది. అంటే ఎర్ర జంపఖానా న్యాయంగా ఆంగస్‌కు, ఫైఫ్‌కు. మీ సారుకు ఊదా.

విందు సీనుకు నా సలహా: రాజుకు కుడి పక్క కుర్చీ ఫైఫ్‌ది, అంటే మాక్‌డఫ్‌ది. అతను విందుకు రాలేదు కదా, ఆ కుర్చీని ఖాళీగా వదిలెయ్యండి. రాకపోవడం ఎంత పెద్ద ధిక్కారమో జనానికి కంటితో తెలుస్తుంది.

మానేరు మాస్టారు, కరీంనగర్:

దస్తావేజు గారి చరిత్రకు వంక పెట్టలేను. కానీ కుర్చీ విషయంలో ఒప్పుకోను. నేను డిగ్రీ పిల్లలకు ఈ నాటకం చాలా ఏళ్లు చెప్పాను. ఆ సీనులో మాక్‌బెత్ బల్ల నిండిపోయింది అంటాడు, లెన్నాక్స్ ఇదిగో మీ కోసం ఉంచిన చోటు అని చూపిస్తాడు. మాక్‌బెత్‌కు అక్కడ దయ్యం కనిపిస్తుంది, మిగతావాళ్లకు ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. సీను ప్రాణం అదే. పక్కనే ఇంకో ఖాళీ కుర్చీ పెడితే లెన్నాక్స్ దాన్నే చూపిస్తున్నాడని వెనక వరుసవాళ్లు అనుకుంటారు. ఖాళీ కుర్చీ స్టేజీ మీద ఒకటే ఉండాలి.

రెండోది, జంపఖానాల రంగు మీద ఇప్పుడే ఎర్ల్‌లు, థేన్‌లు అని విడదీస్తే మాల్కం ఆఖరి మాట దెబ్బతింటుంది. స్కాట్లాండులో మొట్టమొదటి ఎర్ల్‌లు మీరే అని అతను అంటాడు. చరిత్రలో అది తప్పే, దస్తావేజు గారు చూపించారు. నాటకానికి మాత్రం అందరూ అప్పటిదాకా సమానంగా ఉండాలి. నన్నడిగితే అందరికీ ఊదా వేసి, ఆఖరి సీనులో ఎర్రవి కప్పండి. ఎన్ని ఉంటే అంతమందికి.

ఇంకొకటి. బాంక్వోను మాత్రం మంచి చోట కూర్చోబెట్టాల్సిన అవసరం నాటకకారుడికి ఉంది. నాటకం రాసేనాటికి ఇంగ్లండు గద్దె మీదున్న జేమ్స్ రాజు స్టూవర్ట్ వంశం. తాము బాంక్వో సంతతి అని ఆ వంశం చెప్పుకునేది. బాంక్వో అనే మనిషి 1527లో హెక్టర్ బోయిస్ రాసిన చరిత్రకు ముందు ఎక్కడా కనపడడు.

పాత దస్తావేజు:

మాస్టారు గారూ, కుర్చీ మాట వెనక్కి తీసుకోను గానీ, స్టేజీ మీది, మీ ఇష్టం. స్టూవర్ట్‌ల లింక్ డాక్యుమెంట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వాళ్లు ఫ్రాన్సు పక్క బ్రిటనీలోని డోల్ అనే ఊళ్లో ఒక పెద్ద దొర ఇంటి పెత్తనం చూసినవాళ్లు. వాళ్లలో ఆలన్ కొడుకు వాల్టర్‌ను డేవిడ్ రాజు స్కాట్లాండుకు తెచ్చి తన ఇంటి పెత్తనం ఇచ్చాడు, రెన్‌ఫ్రూ వైపు భూములు ఇచ్చాడు. ఆ ఉద్యోగం పేరే ఇంటిపేరై కూర్చుంది. వాళ్ల ఆరో తరం పెత్తందారు స్కాట్లాండు రాజు రాబర్ట్ బ్రూస్ కూతురిని చేసుకున్నాడు, వాళ్ల కొడుకు 1371లో రాజయ్యాడు.

డేవిడ్ 1124 నుంచి 1153 దాకా ఏలాడు. ఇట్లా తెచ్చిన నార్మన్ కుటుంబాలు ఇంకా ఉన్నాయి. బ్రూస్‌లకు ఆనన్‌డేల్ ఇచ్చాడు. కోమిన్‌లు వచ్చారు. మోరే వాళ్లు 1130లో ఎదురు తిరిగితే స్ట్రాకాత్రో దగ్గర వాళ్ల పెద్ద ఆంగస్‌ను (ఇది సీమ కాదు, మనిషి పేరు) చంపించి ఆ పదవినే లేకుండా చేశాడు. మాక్‌బెత్ పుట్టిన పదవి అది. మళ్ళీ 1312లో బ్రూస్ రాజు తన మేనల్లుడు థామస్ రాండాల్ఫ్ కోసం దాన్ని లేపాడు. పేరు పాతది, ఇల్లు కొత్తది.

వడ్డేపల్లి గట్టు:

ఈ నాటకంలో లేడీ మాక్‌బెత్ నేనే. మా తెరవెనక అన్న నాకు ఏ రంగు అనేది ఇప్పటిదాకా చెప్పలేదు. సార్, ఆమెకు అసలు పేరుందా? ఇంకో మాట, మగపిల్లలు లేకపోతే ఈ ఎర్ల్ పదవులు కూతుళ్లకు వచ్చేవా, మన రుద్రమదేవికి వచ్చినట్టు?

పాత దస్తావేజు:

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది.

ఆమె పేరు గ్రుఓఖ్. రాజవంశపు పిల్ల, బోధే అనే అతని కూతురు. మొదటి మొగుడు మోరే మోర్మేర్ గిల్లె కోమ్‌గన్. ఇతను, ఇతని అన్నదమ్ములు కలిసి 1020లో మాక్‌బెత్ తండ్రిని చంపారు. 1032లో గిల్లె కోమ్‌గన్‌ను యాభై మందితో సహా నిప్పు పెట్టి కాల్చేశారు. ఎవరు పెట్టారో రాయలేదు. ఆ తర్వాత మోరే మాక్‌బెత్‌దైంది, వితంతువు గ్రుఓఖ్ మాక్‌బెత్ భార్య అయింది. ఆమె మొదటి కొడుకు లులాఖ్‌ను మాక్‌బెత్ చంపలేదు. మాక్‌బెత్ పోయాక కొన్ని నెలలు రాజయ్యింది ఆ పిల్లాడే.

నాకు ఎక్కువ నచ్చేది లాఖ్ లెవెన్ సరస్సు దీవిలో ఉండే సన్యాసులకు వీళ్లిద్దరూ ఇచ్చిన దానం. కిర్క్‌నెస్ అనే ఊరు రాసిచ్చారు. దాతల పేర్లు ఫిన్లెఖ్ కొడుకు మాక్‌బెత్, బోధే కూతురు గ్రుఓఖ్, స్కాట్‌ల రాజు, రాణి అని పక్కపక్కన ఉన్నాయి. నేను రాసిన గిఫ్ట్ డీడ్‌లలో భార్య పేరు సాక్షుల దగ్గరన్నా కనపడాలంటే నేనే గుర్తు చేయాల్సి వచ్చేది. 11వ శతాబ్దంలో ఆమె పేరు తండ్రి పేరుతో సహా ఎక్కింది, మొగుడి పేరు వెనుక దాక్కోలేదు. నీకు ఎరుపే వేయించుకో అమ్మా.

ఇక కూతుళ్ల సంగతి. వచ్చేవి. పేరు వచ్చేది, పెత్తనం చాలాసార్లు మొగుడికి పోయేది. బకన్ మోర్మేర్ల ఆఖరి వారసురాలు మార్జరీ సుమారు 1212లో విలియం కోమిన్‌ను చేసుకుంది. దాంతో నార్మన్ కుటుంబం ఒకటి మొదటిసారి పాత గేలిక్ ఎర్ల్ పీఠం ఎక్కింది. కత్తి తీయకుండా, పసుపు కుంకాలతో.

కారిక్ సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడి ఎర్ల్ నీల్ 1256లో పోయాడు, మగపిల్లలు లేరు. ఎర్ల్ పదవి, భూమి కూతురు మార్జరీకి వచ్చాయి. అయితే నీల్ పోయే ముందే ఇంకో కాగితం రాశాడు. వంశానికి పెద్దరికం, యుద్ధానికి కారిక్ మనుషులను నడిపించే హక్కు తమ వంశంలోని రోలండ్ అనే మగవాడికి. 1276లో రాజు దాన్ని ఖాయం చేశాడు. మన పాత పహాణీలో పట్టాదారు కాలమ్ ఒకటి, కబ్జాదారు కాలమ్ ఒకటి ఉన్నట్టు, ఒకే సీమకు రెండు పేర్లు. రోలండ్ వైపు నుంచే తర్వాత కెనడీ కుటుంబం పెరిగింది.

ఆ మార్జరీ మొదటి మొగుడు క్రూసేడుకు పోయి 1271లో ఆక్ర్‌లో చనిపోయాడు. ఆ తర్వాత రాబర్ట్ బ్రూస్ అనే కుర్రవాడు వేటలో ఆమెకు ఎదురుపడితే, గుర్రం కళ్లెం పట్టుకుని టర్న్‌బెర్రీ కోటకు తీసుకుపోయి పెళ్లికి ఒప్పుకునేదాకా బయటికి వదల్లేదని పాత చరిత్రకారుడు ఫోర్డున్ కథ చెప్తాడు. కథలో ఎంత నిజమో గానీ, రాజు అనుమతి లేకుండా చేసుకున్నందుకు ఆమె భూములు జప్తయ్యాయి, జరిమానా కట్టాక వదిలారు. కథ అంతా పిల్ల ఎత్తుకుపోయిందని చెప్పడంలో ఆ జరిమానా తగ్గించుకునే ఉపాయం ఉందేమోనని నా అనుమానం. 1274లో వాళ్లకు పుట్టినవాడే తర్వాత రాజైన బ్రూస్. అదే సమయంలో ఇక్కడ ఓరుగల్లులో రుద్రమ గద్దె మీద ఉంది. ఆమె మొగుడు చాళుక్య వీరభద్రుడు నిడదవోలువాడు, అయినా ఏలింది ఆమె. కారిక్‌లో మాత్రం బ్రూస్ పెద్దాయన భార్య పేరు మీద ఎర్ల్ అయ్యాడు.

ఇప్పుడు ఫైఫ్. మాస్టారు గారు కుర్చీ తీసేయించారు, అందుకని ఇక్కడన్నా చెప్పుకుంటా. మాక్‌బెత్ కాలపు రాతల్లో మాక్‌డఫ్ లేడు. కానీ ఫైఫ్ ఎర్ల్‌ల వంశానికి ఒక హక్కుంది, స్కూన్ అనే ఊళ్లో కొత్త రాజును రాతి పీఠం మీద కూర్చోబెట్టేది వాళ్లే. 1249లో ఏడేళ్ల అలెగ్జాండర్‌ను అట్లనే కూర్చోబెట్టారు, గేలిక్ పండితుడు ఒకడు లేచి వంశావళి మొత్తం చదివాడు. 1292లో జాన్ బాలియల్ రాజయ్యేటప్పుడు ఫైఫ్ ఎర్ల్ పసివాడు, అతని బదులు ఇంకొకరితో చేయించారు. 1306లో ఎర్ల్ ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ చేతిలో ఉన్నాడు. రాయి కూడా లేదు, 1296లోనే ఎడ్వర్డ్ ఎత్తుకుపోయాడు.

అప్పుడు బ్రూస్‌ను కూర్చోబెట్టింది ఆ ఇంటి ఆడపిల్ల ఇసబెల్లా. ఆమె మొగుడు బకన్ ఎర్ల్ జాన్ కోమిన్. బ్రూస్ ఆరు వారాల కింద డంఫ్రీస్‌లో చర్చిలో చంపింది కోమిన్‌ల పెద్దనే. అంటే మొగుడి తరఫు రక్తం కళ్ల చూసినవాడికి పట్టం కట్టడానికి మొగుడి గుర్రాలు తీసుకుని వచ్చింది. ఆమె చేరేసరికి మార్చి 25 నాటి పట్టాభిషేకం అయిపోయింది. ఆమె కోసం మళ్ళీ చేశారు. రెండోసారి చేయడానికి ఒప్పుకున్నారంటే ఆ ఇంటి చెయ్యి పడకపోతే ఆ కార్యానికి చెల్లుబాటు తక్కువని బ్రూస్‌కూ భయం ఉన్నట్టే కదా. అదే ఏడు ఆమె దొరికిపోయింది. ఎడ్వర్డ్ ఆమెను బెర్విక్ కోటలో పంజరం కట్టించి అందులో పెట్టాడు. 1310 దాకా అందులోనే.

ఆ హక్కున్న ఫైఫ్ చివరికి ఏమైందో కూడా విను. ఇంకో ఇసబెల్లా, వంశంలో ఆఖరిది, వితంతువు, 1371లో తన పదవిని ఒకప్పటి మరిదికి రాసిచ్చేసింది. ఆ మరిది రాజు కొడుకు రాబర్ట్ స్టూవర్ట్. 1398లో అతను ఆల్బనీ డ్యూక్ అయ్యాడు. స్కాట్లాండులో డ్యూక్ అనే పదవి పుట్టింది ఆ ఏడే, రాథ్‌సే, ఆల్బనీ రెండూ కలిసి. అతని కొడుకు మర్డాక్‌ను 1425లో స్టర్లింగ్‌లో తల నరికించి ఫైఫ్‌ను రాజు కలిపేసుకున్నాడు.

తెరవెనక, హన్మకొండ:

దస్తావేజు సార్, మాస్టారు గారు, ఇద్దరికీ దండాలు. మా డైరెక్టరుకు థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. కుర్చీ ఒక్కటే ఖాళీ. విందులో అందరికీ ఊదా, రాణికి ఎరుపు, మాల్కం మాటతో మిగతావాళ్లకు ఎర్రవి. సరిపోనివాళ్లు వెనక వరుసలో నిలబడతారు. లెన్నాక్స్ సారు ముందు వరుసలోనే ఉంటానన్నారు, ఆ సంగతి నేను చూసుకుంటా.

బ్రోషరులో ఒక చిన్న పెట్టె వేద్దామంటున్నారు, నాటకంలో మాక్‌బెత్ థేన్ బిరుదులైన గ్లామిస్, కాడర్ గురించి. నాలుగు ముక్కలు చెప్పండి సార్.

పాత దస్తావేజు:

రెండూ నిజమైన థేన్ భూములే, మాక్‌బెత్‌వి మాత్రం కావు. గ్లామిస్‌ను 1372లో రాజు జాన్ లయన్‌కు ఇచ్చాడు, నాలుగేళ్లకు తన కూతురు జోవన్నాను కూడా ఇచ్చాడు. ఆ కుటుంబమే తర్వాత స్ట్రాత్‌మోర్ ఎర్ల్‌లు. రెండో ఎలిజబెత్ రాణికి తల్లి ఆ ఇంటి పిల్ల.

కాడర్ థేన్ పదవి 1310లో బ్రూస్ రాజు పట్టాతో ఖాయమైంది. వంశం చివరికి మ్యూరియల్ అనే పసిపిల్ల మీద ఆగింది. 1499లో ఆర్గైల్ ఎర్ల్ మనుషులు, అంటే కాంప్‌బెల్‌లు, ఆ పిల్లను ఎత్తుకుపోయారు. దారిలో పిల్ల చచ్చిపోతే మీ కష్టమంతా వృథా కదా అని ఎవరో అడిగితే, ‘లాఖ్ ఆ’ అనే సరస్సు గట్టున ఎర్రజుట్టు పిల్ల ఒక్కతి ఉన్నన్నాళ్లు ఈమె చావదు అన్నాడట ఆ ముఠా నాయకుడు. ఇది ఆ ప్రాంతంలో చెప్పుకునే మాట, బ్రోషరులో అట్లనే అని రాయి. 1510లో ఆమెకు ఆర్గైల్ ఎర్ల్ కొడుకుతో పెళ్లి చేశారు. ఇప్పటి కాడర్ ఎర్ల్‌లూ కాంప్‌బెల్‌లే. పెట్టెలో చోటు చాలకపోతే గ్లామిస్‌ది తగ్గించు, మ్యూరియల్‌ది ఉంచు.